పెంపుడు కుక్కకు జబ్బులు రాకుండా: ఇంటికి తెచ్చిన రోజు నుంచి చేయాల్సిన పనులు

మా ఇంటికి వచ్చిన మొదటి కుక్కపిల్ల పేరు బుజ్జి. నలభై ఐదు రోజుల పిల్లగా తెచ్చుకున్నాం. మొదటి టీకా వేయించాం. రెండో డోసు తేదీ వచ్చేసరికి ఇంట్లో పెళ్లి పనులు. పది రోజులు అటూఇటూ అయితే ఏమవుతుందిలే అనుకున్నాం. ఆ పది రోజుల్లోనే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుంది. పొద్దున పాలు ముట్టలేదు, మధ్యాహ్నానికి పసుపు నురగ కక్కింది, రాత్రికి నెత్తుటి విరేచనాలు మొదలయ్యాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. నాలుగు రోజులు సెలైన్ పెట్టించినా దక్కలేదు.

ఇప్పుడు మాతో ఉన్న గౌరి తొమ్మిదేళ్ల నాటు కుక్క. దానికీ ఒకసారి పిడుదుల జ్వరం వచ్చింది, కానీ బతికింది. ఆ రోజు దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూడబట్టే బతికింది. కుక్కను పెంచుకుందాం అనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందుగా చెప్పేది ఇదే: టీకా తేదీ దాటనివ్వకండి, రోజూ కుక్కను చేత్తో తడిమి చూడండి. ఖరీదైన ఫుడ్డు, షాంపూల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

తెచ్చే ముందు, తెచ్చిన మొదటి వారం

ముప్పై రోజుల పిల్లను చేతిలో పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీసుకోకండి. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాల నుంచే దానికి తొలి రక్షణ వస్తుంది. తల్లికి టీకాలు వేయించి ఉంటే ఆ రక్షణ బలంగా ఉంటుంది కాబట్టి తల్లి టీకా పుస్తకం చూపించమని అడగండి.

పిల్లను చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. తోక కింద తడిగా, మురికిగా అంటుకుని ఉంటే విరేచనాలు అవుతున్నట్టే. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం బానలా ఉంటే లోపల పురుగులున్నాయని అర్థం.

అంతకుముందు మీ ఇంట్లో ఏదైనా కుక్క పార్వోతో చనిపోయి ఉంటే మరీ జాగ్రత్త పడాలి. ఆ వైరస్ నేలలో, మట్టిలో నెలల తరబడి, నీడ పట్టున ఏడాది దాకా కూడా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు. ముందు మలం, మట్టి అంతా కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి నేల మీద పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. మట్టి పెరడును ఇలా శుభ్రం చేయడం కుదరదు. అలాంటి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేవద్దు. బుజ్జి పోయాక మేం ఏడాదికి పైగా ఆగి, టీకాలన్నీ పూర్తయిన గౌరిని తెచ్చుకున్నాం.

పిల్ల ఇంటికి రాగానే స్నానం చేయించి, తిండి మార్చేసి, చుట్టాలందరికీ చూపించాలని సరదాగా ఉంటుంది. ఆ హడావిడికే సగం పిల్లలకు కడుపు పాడవుతుంది. మొదటి వారం అక్కడ తిన్న తిండే పెట్టండి, తర్వాత కొత్తది కొంచెం కొంచెంగా కలపండి. రెండు మూడు రోజుల్లోపు పశువుల డాక్టరుకి చూపించి, బరువు తూయించి, ఒక టీకా పుస్తకం మొదలుపెట్టండి.

టీకాలు: ఒక్కసారి వేయిస్తే సరిపోదు

చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది: "అదే సూది మూడుసార్లు ఎందుకండీ, డబ్బుల కోసమే కదా?" కాదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను కూడా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, మరో పిల్లలో పద్నాలుగో వారం దాకా ఉంటుంది. ఏ పిల్లకు ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే ఏదో ఒక డోసు సరైన సమయంలో పడాలని వరుసగా వేస్తారు. చివరి డోసు పదహారు వారాలు నిండాక పడాలి. పన్నెండు వారాలకే ఆపేసిన పిల్లలకు రక్షణ దొరకని ప్రమాదం ఉంది. మీ పుస్తకంలో చివరి తేదీ దగ్గర పిల్ల వయసు లెక్క కట్టి చూసుకోండి.

వరుస ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాలు దాటేదాకా. మన దగ్గర మామూలుగా వేసే కలిపిన టీకాలో డిస్టెంపర్, పార్వో, కాలేయానికి వచ్చే హెపటైటిస్, దగ్గు తెప్పించే పారాఇన్‌ఫ్లుయెంజా, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టో ఉంటాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక విడిగా వేస్తారు. ఏడాదికి అన్నిటికీ బూస్టర్. ఆ తర్వాత రేబిస్, లెప్టో మన దగ్గర ఏటా వేయించాల్సినవే. పార్వో, డిస్టెంపర్‌లకు పెద్ద కుక్కల్లో కనీసం మూడేళ్లు రక్షణ ఉంటుంది. అయితే మన దగ్గర దొరికే టీకాల్లో చాలావరకు అన్నీ కలిపే ఉంటాయి కాబట్టి ఏది ఎప్పుడు అన్నది డాక్టరునే అడగండి.

టీకా వేసే చోట కూడా కళ్లు తెరుచుకుని ఉండండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. ఒకసారి మా వీధి చివరి షాపులో చూశాను, సీసా బల్ల మీద ఎండలో ఉంది. అలాంటి మందు వేయించుకోవడం, నీళ్లు ఎక్కించుకోవడం ఒకటే. సీసా మీది స్టిక్కర్ ఒలిచి మీ పుస్తకంలో అంటించమనండి. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. వేయించాక పావుగంటో ఇరవై నిమిషాలో అక్కడే కూర్చోండి. మొహం వాయడం, వాంతులు, కుప్పకూలడం లాంటివి అరుదుగా అయినా అప్పుడే మొదలవుతాయి. ఒకరోజు నలతగా, కొంచెం వెచ్చగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

చివరి డోసు అయ్యాక రెండు వారాల దాకా పిల్లను వీధిలో నేల మీద నడిపించొద్దు. అలాగని నాలుగు నెలలు గదిలో పెట్టి తలుపేయకండి. ఎత్తుకుని వీధి చూపించండి, బండ్ల చప్పుడు, కొత్త మొహాలు అలవాటు చేయండి. టీకాలు పూర్తయిన ఇంటి కుక్కలతో ఆడనివ్వండి.

డిస్టెంపర్ గురించి ఒక మాట. మొదట మామూలు జలుబులా ఉంటుంది: కళ్లు ముక్కు కారడం, దగ్గు, జ్వరం. కొన్ని వారాల తర్వాత నాడులకు పాకి ఫిట్స్ వస్తాయి, దవడ అదే పనిగా ఆడుతుంది, కాలు అదురుతూ ఉంటుంది. ఆ దశలో దాన్ని నయం చేసే మందు లేదు. టీకా ఒక్కటే దారి.

రేబిస్

1885 జులై 6న లూయీ పాశ్చర్ పారిస్‌లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లాడు జోసెఫ్ మైస్టర్‌కి మొదటి టీకా వేశాడు. ఆ పిల్లాడు బతికాడు. దాని గుర్తుగా ఏటా జులై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం జరుపుతారు. ఆ రోజు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో చాలాచోట్ల పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. మీ ఊరి ఆసుపత్రిలో ముందే కనుక్కోండి.

ఇంట్లో కుక్క బయటికే వెళ్లదు కదా అని ఈ టీకా మానేసేవాళ్లుంటారు. గేటు సందులోంచి వీధి కుక్క ఒక్కసారి కరిస్తే చాలు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు, కుక్కకైనా మనిషికైనా. మిమ్మల్ని గానీ పిల్లల్ని గానీ ఏ కుక్క కరిచినా, పళ్ల గాటు పడినా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం గాయం మీద పెట్టకండి.

పిడుదులు: అసలు పోరాటం ఇక్కడే

కొన్ని ఊళ్లలో గోమార్లు అంటారు. మన ఎండకు, తేమకు ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి, వానలు పడగానే విజృంభిస్తాయి. నెత్తురు తాగడం ఒక్కటే అయితే ఇంత భయం అక్కర్లేదు. ఎర్లికియా, బాబేసియా అనే సూక్ష్మక్రిములను ఒంట్లోకి ఎక్కించేది ఇవే. టిక్ ఫీవర్ అని డాక్టర్లు చెప్పేది వీటి గురించే.

పిడుదు ఎలా బతుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. కడుపు నిండిన ఆడ పిడుదు బూడిద రంగు శనగగింజలా ఉబ్బి, కుక్క మీంచి రాలిపోయి, గోడ పట్టుకుని పైకి పాకుతుంది. గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, మంచం కోళ్ల దగ్గర వేల గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్ల కుక్కను ఎక్కి తాగుతుంది, దిగుతుంది, పెరుగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. అంటే మీకు ఒంటి మీద పది కనిపిస్తే మిగతా సంసారమంతా గోడలో ఉంది. కుక్క ఒక్కదానికే మందు వేసి ఇల్లు వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. మేం రెండుసార్లు ఇదే పొరపాటు చేశాం.

కుక్కకు: నోటితో ఇచ్చే మాత్రలు ఇప్పుడు బాగా పనిచేస్తున్నాయి. అఫోక్సోలానర్ నెలకొకటి, ఫ్లురలానర్ పన్నెండు వారాలకొకటి. ఖరీదు ఎక్కువే, కానీ టిక్ ఫీవర్ వైద్యానికయ్యే ఖర్చుతో పోలిస్తే తక్కువ. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఈ మాత్రలు దానికి పడకపోవచ్చు. మెడ వెనక చుక్కలుగా వేసే ఫిప్రోనిల్ అయితే వేసే ముందు, తర్వాత రెండేసి రోజులు స్నానం చేయించకూడదు. పశువులకు వాడే బుడ్డి మందు తెచ్చి నీళ్లలో కలిపి ఒంటికి పోసే అలవాటు పల్లెల్లో ఉంది. కొలత తప్పితే కుక్క చనిపోతుంది, వద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్క మందులు దాని దరిదాపులకు రానివ్వకండి. పిల్లికి అది విషం.

ఇంటికి: పగుళ్లు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చండి. కుక్క పడుకునే గుడ్డలు వారానికోసారి మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి. డాక్టరు చెప్పిన స్ప్రే గోడ అడుగున, మూలల్లో కొట్టి, ఆరేదాకా కుక్కను బయట ఉంచండి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కొట్టాలి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు చావవు.

ఒంటి మీద కనిపించినదాన్ని గోళ్లతో నలపకండి, కిరసనాయిలు పోయకండి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగండి. స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. వేపనూనె రాస్తే పోతాయంటారు. కొంత దూరంగా ఉంచుతుందేమో గానీ, దాన్నే నమ్ముకుంటే సరిపోదు.

గౌరి సంగతి చెప్తాను. ఒక శ్రావణమాసంలో రెండు రోజులు అన్నం సగం వదిలేసింది. ఆడుతోంది, తోక ఊపుతోంది, కాబట్టి వేడి చేసిందనుకున్నాం. మూడో రోజు పొద్దున దాని పై పెదవి ఎత్తి చూశాను. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి. పొట్ట కింద వెంట్రుకలు పక్కకు తీస్తే ఆవగింజంత ఎర్రటి చుక్కలు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. డాక్టరుగారు అన్నారు, "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ముక్కు నుంచి నెత్తురు వచ్చేదమ్మా." ఎర్లికియాకి డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. మూడో రోజుకే గౌరి లేచి తిరిగింది, నాలుగో రోజు నుంచి మందు ఎందుకు అనిపించింది కూడా. కానీ మధ్యలో ఆపితే జబ్బు లోపల దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఇరవై ఎనిమిది రోజులూ అన్నంతో పాటే వేశాం.

మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వస్తే అది బాబేసియా కావచ్చు. దానికి డాక్సీ ఒక్కటే సరిపోదు, వేరే మందు కావాలి. రెండూ కలిసి రావడమూ ఉంది. అందుకే "పోయినసారి ఇదే ఇచ్చారు కదా" అని పాత చీటీతో మెడికల్ షాపుకి వెళ్లకండి, నెత్తురు పరీక్ష చేయించండి.

కడుపులో పురుగులు

చాలా కుక్కపిల్లలకు పుట్టుకతోనే నులిపురుగులు ఉంటాయి, తల్లి నుంచే వస్తాయి. రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి మందు వేయాలి. బరువును బట్టి మోతాదు ఉంటుంది కాబట్టి వేసిన ప్రతిసారీ తూయించండి. పాయువు చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. కొంకి పురుగులు పేగుల్లో నెత్తురు తాగి పిల్లను పాలిపోయేలా చేస్తాయి, మలం తారులా నల్లగా వస్తుంది. ఈ పురుగుల్లో కొన్ని మట్టిలో ఆడుకునే మన పిల్లలకూ అంటుకుంటాయి. కుక్క మలం ఎప్పటికప్పుడు ఎత్తేయండి.

వానలు, ఎలుకలు, ఎండలు

లెప్టో ఎలుకల మూత్రంతో కలుషితమైన నీళ్ల నుంచి వస్తుంది. వరిచేల గట్లు, కాలవ పక్క వీధులు, వానకు మురుగు పొంగే కాలనీలు ఉన్న చోట ఇది నిజమైన ప్రమాదం. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం దీని గుర్తులు. మూత్రపిండాలు, కాలేయం రెండూ దెబ్బతింటాయి. ఆ కుక్క మూత్రం నుంచి మనుషులకూ వస్తుంది కాబట్టి శుభ్రం చేసేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. గిన్నెలో మిగిలిన తిండి రాత్రంతా బయట వదిలితే ఎలుకలను పిలిచినట్టే. నిలిచిన నీళ్లు తాగనివ్వకండి, వానలో తిరిగొచ్చాక కాళ్లు కడిగి వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. వేళ్ల మధ్య తడి ఉంటే ఎర్రబడి ఫంగస్ పడుతుంది.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం నడకలు వద్దు. రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. పగ్, బుల్‌డాగ్ లాంటి చదును ముక్కు జాతులకు వడదెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుతూ తూలిపోతే మామూలు చల్లనీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను గాలి తగిలిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోజూ ఐదు నిమిషాలు

గౌరి సాయంత్రం గుమ్మంలో పడుకున్నప్పుడు నేను దాన్ని ఇలా తడిమి చూస్తాను. ముందు చెవి మడత ఎత్తి వాసన చూస్తాను. పులిసిన పిండి వాసన వస్తే చెవిలో ఫంగస్. తర్వాత వేళ్ల కొసలతో మెడ చుట్టూ, గడ్డం కింద, చంకల్లో, తోక మొదట్లో నిదానంగా నొక్కుతూ వెళ్తాను. పిడుదు వెంట్రుకల్లో చిన్న రాయిలా తగులుతుంది. కాలి వేళ్లు విడదీసి ప్రతి సందూ చూస్తాను, అవి ఎక్కువగా దాక్కునేది అక్కడే. చివరికి పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదులుతాను. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి.

నెలకోసారి బరువు రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి జ్వరం చూసి రాసి పెట్టుకోండి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకు జ్వరం అనిపించేది దానికి మామూలే. నిద్రలో ఛాతీ కదలికలు లెక్కపెట్టండి, నిమిషానికి ముప్పై దాటకూడదు. మీ కుక్కకు ఏది మామూలో తెలిస్తేనే తేడా పట్టుకోగలరు.

పెట్టకూడనివి

ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క నెత్తుటి కణాలను పగలగొడతాయి. మన కూరల్లో అవి లేనిది ఏది? అందుకే మిగిలిన కూరన్నం, బిర్యానీ పెట్టకండి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు, చాక్లెట్ గుండెకు చేటు. దేవుడి ప్రసాదంలో కిస్‌మిస్‌లు ఏరేసి పెట్టండి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండాకాలం మామిడి టెంక మింగి పేగు అడ్డుపడటం డాక్టర్లు తరచుగా చూసేదే.

మనుషుల మందులు అసలే వద్దు. జ్వరం అనిపించిందని పారాసిటమాల్, కుంటుతోందని ఇబుప్రోఫెన్ వేసి కుక్కను ప్రాణం మీదికి తెచ్చుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఆడకుక్క ఉంటే

ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు, ఎదకొచ్చిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టొచ్చు. విపరీతంగా నీళ్లు తాగడం, తిండి మానడం, వెనక నుంచి దుర్వాసనతో స్రావం కనిపిస్తే అదే రోజు తీసుకెళ్లాలి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించడమే మంచిది. రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది. వయసు, జాతి చూసి ఎప్పుడన్నది డాక్టరు చెప్తారు. వీధి కుక్కలతో జత కట్టే కుక్కలకు జననాంగాల దగ్గర అంటుకునే గడ్డలు మన దగ్గర ఎక్కువ. నెత్తురు చుక్కలు పడుతుంటే ఎదకొచ్చిందని వదిలేయకుండా చూపించండి.

ఇక ఆగకుండా వెళ్లాల్సినప్పుడు

కుక్కపిల్ల ఒక పూట తిండి మాని రెండుసార్లు వాంతి చేసుకుంటే ఆ రోజే వెళ్లండి. పిల్ల ఒంట్లో నీరు గంటల్లో తగ్గిపోతుంది. మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలబడితే నీరు తగ్గినట్టే. చిగుళ్లు తెల్లగానో పచ్చగానో ఉండటం, మలంలో నెత్తురు, టీ రంగు మూత్రం, ఫిట్స్, పొట్ట ఉబ్బి వాంతి రాక ఓకరించడం, మూత్రం రాకపోవడం, ఇవేవీ రేపటికి వాయిదా వేసేవి కావు.

దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు గుర్తుపెట్టుకోండి. తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలో ఉన్నాయి. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, స్కానింగ్ లాంటివి అక్కడ దొరుకుతాయి. వెళ్లే ముందు వేళలు కనుక్కోండి.

బయల్దేరేటప్పుడు టీకా పుస్తకం, చివరిసారి వేసిన పిడుదుల మందు, పురుగుల మందు పేర్లు తీసుకెళ్లండి. వాంతి, మలం ఫోన్‌లో ఫొటో తీయండి, వీలైతే చిన్న డబ్బాలో కొంచెం మలం కూడా పట్టుకెళ్లండి. కుక్క అదురుతున్నా, కుంటుతున్నా ఇంట్లోనే వీడియో తీసి పెట్టుకోండి. క్లినిక్ బల్ల మీదికి ఎక్కగానే భయంతో బిగుసుకుపోయి, చాలా కుక్కలు ఆ లక్షణం చూపించవు.